తాగింది కాదు, తాగిందట

మా అన్న మనవరాలు ఈమధ్యే నర్సింగ్ కాలేజీలో చేరింది. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "రోగుల్ని చూసుకునేదానికని వస్తే వాళ్ళ గురించి రాసేదే పనిగా ఉండాది అవ్వా. ఒక్కో పేషెంటుకు ఎన్ని పేజీలో. ఇదంతా ఎవరు చదివేది?" అని వాపోయింది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వయసులో నేనూ అదే అనుకున్నాను. ఎవరు చదువుతారో, చదివితే ఏమవుతుందో నాకు శిక్షణలో ఉండగానే తెలిసింది. తెలియజేసింది ఒక కేసు, ఒక సిస్టరు.

నా ఉద్యోగంలో వచ్చిన ప్రమోషన్లు, బదిలీలు ఎవరికీ పనికొచ్చే సంగతులు కావు. వాటి జోలికి పోను. ఆ కేసు గురించే చెబుతాను.

నొప్పి నువ్వు పెట్టినావు

మాది సత్యవేడు పక్కన పల్లె. కొంచెం వరి, కొంచెం చెనిక్కాయ, అదే వేరుశనగ. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. డెబ్బైల చివర్లో నన్ను నర్సు శిక్షణకు తిరుపతి పంపుతుంటే మా బంధువులు కొందరు ఇంటికొచ్చి, "ఎవురెవురివో ఒళ్ళు తుడిచే పనికి పంపిస్తావా బిడ్డని?" అని మా నాయనను అడిగారు. ఆయన కోప్పడలేదు. "తుడిచేవాళ్ళు లేకుండా పడుకున్న రోజు మీకే తెలుస్తాదిలే అబ్బా" అని, నా ట్రంకు పెట్టె తలకెత్తుకుని బస్సు దగ్గరికి నడిచాడు.

అక్కడికి వెళ్ళాక నన్ను భయపెట్టింది రక్తం కాదు, చీము కాదు. రాత. మాకు కేసు పుస్తకాలు ఇచ్చేవాళ్ళు. ఎవరిని చూసుకున్నాం, వాళ్ళేం చెప్పారు, మేమేం చూశాం, ఏం చేశాం, చివరికి ఏమైంది, ఇవన్నీ రాయాలి. అదీ ఇంగ్లీషులో. తెలుగు మీడియంలో చదువుకున్న నాకు ఒక వాక్యం కూర్చేసరికి చెమటలు పట్టేవి. అందుకని అందరం ఒక దగ్గరి దారి కనిపెట్టాం. డాక్టరు రాసిన కాగితం చూసి హాస్టల్లో కూర్చుని ఎక్కించుకోవడం. స్పెల్లింగులు తప్పవు, అక్షరాలు గుండ్రంగా వస్తాయి, మార్కులు పడతాయి.

ఆడవాళ్ళ మెడికల్ వార్డుకు వెళ్ళాక అది సాగలేదు. ఆ వార్డు గ్రేసమ్మ సిస్టరుది. సన్నటి మనిషి, చిత్తూరు ఆమె, గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. ఆమెది ఒక నియమం ఉండేది. మిగతాదంతా ఇంగ్లీషులో రాసినా, రోగి చెప్పిన మాట, వెంట వచ్చినవాళ్ళు చెప్పిన మాట మాత్రం తెలుగులో, వాళ్ళు అన్నట్టే రాయాలి.

ఒకరోజు నా స్నేహితురాలు వసంత ఒక ముసలావిడ గురించి 'ఛాతీలో నొప్పి' అని రాసింది. సిస్టరు ఆ పుస్తకం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళి, "ఏమవ్వా, ఎట్లుండాది నీకు?" అని అడిగింది.

"గుండె కాడ కోడిపిల్ల కొట్టుకులాడినట్టు ఉండాది తల్లీ" అంది అవ్వ.

"నొస్తా ఉండాదా?"

"నొచ్చేదేం లేదు. కొట్టుకులాడతా ఉండాది, అంతే."

సిస్టరు వసంత వైపు తిరిగింది. "సూడు, ఈమెకు నొప్పి లేదు. నొప్పి నువ్వు పెట్టినావు."

వసంత ఆ రోజంతా ఏడ్చింది. నాకూ సిస్టరు మీద కోపం వచ్చింది. ఎంత పట్టుదల మనిషి అనుకున్నాను.

బెల్లం లారీలో వచ్చినామె

తర్వాత కొన్నాళ్ళకు, ఒక ఉదయం, చంద్రగిరి వైపు పల్లె నుంచి ఒకామెను బెల్లం లారీలో తీసుకొచ్చారు. పేరు మునెమ్మ. ఇంచుమించు నా ఈడుది. వెంట భర్త చెంగల్రాయుడు, అత్త రాజమ్మ. మునెమ్మ నోట్లో నుంచి నురగ కారుతోంది. ఒళ్ళంతా చెమట. కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవైపోయాయి. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండలు అదురుతున్నాయి. చేలల్లో పురుగుమందుల వాడకం పెరుగుతున్న రోజులవి. ఇలాంటి వాళ్ళు వారం వారం వచ్చేవాళ్ళు.

"మందు తాగేసినాది సార్" అన్నాడు చెంగల్రాయుడు. ఇక ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. అడిగే సమయం కూడా కాదు. గొట్టం వేసి కడుపు కడిగారు. బట్టలు మార్చి ఒళ్ళు తుడిచారు. విరుగుడుగా అట్రోపిన్ సూది మొదలుపెట్టి మా వార్డుకు పంపారు.

గ్రేసమ్మ సిస్టరు నన్ను పిలిచింది. "ఈమె నీ కేసు. పక్కనే కూచో. కంటిపాప, నాడి, ఊపిరి, చొంగ, ఏది మారినా రాయి."

పుస్తకం తెరిచి మొదటి వాక్యం రాశాను. 'పురుగుమందు తాగింది.' సిస్టరు నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"తాగతా ఉంటే నువ్వు చూసినావా?"

"లేదు సిస్టర్."

"ఆమె చెప్పిందా?"

"ఆమెకు స్పృహే లేదు కదా సిస్టర్."

"మరి ఎవరు చెప్పినారు?"

"వాళ్ళాయన."

"ఆయన చూసినాడా?"

నాకు తెలియదు. అడిగి రమ్మంది.

చెంగల్రాయుడు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరో టీ తెచ్చి పెడితే పక్కన చల్లారిపోతోంది. "అన్నా, ఆమె తాగేది నువ్వు చూసినావా?" అని అడిగాను.

"సూడలేదమ్మా. నేను చేని ఆ కొసన మందు కొడతా ఉన్నా. ఇంకా నీళ్ళు తేలేదేమని వచ్చి సూస్తే బాయి గట్టు మీద పడిపోయి ఉండాది. పక్కనే మందు డబ్బా."

"మరి తాగిందని ఎట్లా చెప్పినావు?"

అతను నేలకేసి చూస్తూ చెప్పాడు. "పొద్దున్నే గొడవ పడినాము. పాప మొక్కు తీర్చాల, కొండకు పోదామని ఒకటే అడగతా ఉండాది. పురుగు తగిలి చేనంతా పోతా ఉంటే నీకు కొండ కావాల్సి వచ్చిందా, పోయి చావు అన్నా. చావమన్నా మా. నేనే అన్నా. ఇంకెందుకు తాగతాది?"

తిరిగొచ్చి సిస్టరుకు చెప్పాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "అయితే తాగిందట అని రాయి. అన్నది ఎవరో రాయి. ఆయన చూడలేదని కూడా రాయి."

మనిషి చావుబతుకుల్లో ఉంటే ఒక్క అక్షరం కోసం ఈ పట్టుదల ఏమిటని నాకు విసుగు పుట్టింది. అయినా కొట్టేసి మళ్ళీ రాశాను.

మధ్యాహ్నం పోలీసు కానిస్టేబులు వచ్చాడు. ఆ రోజుల్లో చావబోయి బతికినవాళ్ళ మీద కేసు పెట్టేవాళ్ళు. రాజమ్మ అతన్ని చూసి నా చెయ్యి పట్టుకుంది. "బతికినా దీన్ని టేసనుకు తిప్పతారా అమ్మణ్ణీ? చంటిబిడ్డ తల్లి." కానిస్టేబులు మాత్రం నెమ్మదైనవాడు. రోగి నోరు తెరిచి మాట్లాడేదాకా ఆగుతానని వెళ్ళిపోయాడు.

యాడ నుంచి వస్తాండాది

సాయంత్రానికి మునెమ్మ కుదుటపడింది. కంటిపాపలు విచ్చుకున్నాయి, చొంగ ఆగింది. గండం గడిచిందనుకుని హాస్టలుకు వెళ్ళాను. మర్నాడు ఉదయం డ్యూటీకి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. తెల్లవారుజామున కంటిపాపలు చిన్నవై, ఊపిరి గురగురలాడిందట. విరుగుడు పెంచారు. పెంచితే తేరుకుంది. కాసేపటికి మళ్ళీ జారింది.

మా పెద్ద డాక్టరు వరదాచార్యులుగారు. తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం ఆయనది. నుదుట నామంతోనే రౌండ్లకు వచ్చేవారు. నేను రాసిందంతా నాచేత చదివించుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కడుపు కడిగాం. విరుగుడు ఇస్తున్నాం. తేరుకున్నట్టే తేరుకుని మళ్ళీ ఎందుకు పడిపోతోంది? తాగినదైతే ఈపాటికి తగ్గుముఖం పట్టాలి కదమ్మా" అన్నారు సిస్టరుతో. ఆయనకూ అంతు చిక్కలేదు. విరుగుడు ఇంకొంచెం పెంచమని చెప్పి పక్క వార్డుకు వెళ్ళారు.

సిస్టరు నా పుస్తకం తీసుకుంది. వేలితో గీతలు వెంబడి చదువుతూ ఒకచోట ఆగింది. "'మందు వాసన వస్తోంది' అని రాసినావు. ఇప్పుడు కూడా వస్తాండాదా?"

"వస్తోంది సిస్టర్."

"యాడ నుంచి?"

"ఒంటి నుంచి."

"ఒంట్లో యాడ?"

మునెమ్మ మీదికి వంగి చూశాను. నోటి దగ్గర పులిసిన వాసన తప్ప మందు వాసన లేదు. చేతులు, మెడ, రొమ్ము, అన్నిచోట్లా ఆసుపత్రి సబ్బు వాసనే. దిండు సర్దుదామని తల పైకెత్తాను. అప్పుడు గుప్పుమంది. దిండు గలీబు మీద పసుపుపచ్చటి తడి మరక. ఆమెకు పెద్ద కొప్పు ఉంది, నిండా నూనె రాసిన ఒత్తైన జుట్టు. లోపలికి వేలు పెడితే జిడ్డుగా, చెమ్మగా తగిలింది. బట్టలు మార్చారు, ఒళ్ళు తుడిచారు. కొప్పు విప్పాలని ఎవరికీ తట్టలేదు. తాగిన మనిషికి కొప్పెందుకు విప్పుతారు?

"సిస్టర్, తల నుంచి" అన్నాను.

సిస్టరు చేతికి తొడుగు వేసుకుని కొప్పు విప్పింది. ఆ వాసనకు పక్క మంచం ఆమె కూడా ముఖం తిప్పుకుంది. సిస్టరు రాజమ్మను పిలిచి, "చేన్లో ఈమె చేసే పనేంది?" అని అడిగింది.

"కొట్టేది వాడు. ఇది బాయి కాడ్నించి మందు కలిపిన నీళ్ళు మోస్తాది."

"ఎట్లా మోస్తాది?"

"బిందెతో, తలమీద. ఇంగెట్ల మోస్తారు?" రాజమ్మ విప్పిన కొప్పు వైపు చూసింది. "ఆ బిందె ఓటిది మా. కింద తారు పెట్టినాము. అయినా కారతానే ఉంటాది."

సిస్టరు నన్ను డాక్టరుగారి దగ్గరికి పంపింది. నేను నడవలేదు, పరుగెత్తాను.

స్వామి సొత్తు

డాక్టరుగారు వచ్చి చూసి, "మందు ఈ నూనె జుట్టులో ఇంకిపోయింది. తలలో నుంచి ఒంట్లోకి దిగుతూనే ఉంది. సబ్బుతో కడిగి ఆగడానికి లేదు, జుట్టు తీసేయాలి" అన్నారు.

రాజమ్మ అడ్డం వచ్చి నిలబడింది. "వద్దు సామీ. అది మొక్కిన జుట్టు. పాప బతికి బట్టకడితే తలనీలాలు ఇస్తానని మొక్కుకునింది. స్వామి సొత్తు. ఆసుపత్రిలో కత్తిరిస్తే బిడ్డకు ఏమన్నా అవతాది."

డాక్టరుగారు విసుక్కోలేదు. ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడారు. "అమ్మా, మా నాయన, మా తాత ఆ స్వామి గుళ్ళోనే బతికినారు. నేనూ ఆ తిండే తిని పెరిగినాను. స్వామికి ఇయ్యాలంటే ముందు తల ఉండాలి కదా. తల నిలబడితే జుట్టు మళ్ళీ వస్తుంది. దోషమేదన్నా ఉంటే నా మీద వెయ్యి."

రాజమ్మ కోడలి ముఖం చూసింది. మళ్ళీ నురగ మొదలవుతోంది. వరండాలో ఉన్న కొడుకును అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. మంచం తలాపున చేరి, కోడలి తల రెండు చేతులతో పట్టుకోబోయింది. సిస్టరు ఆమె చేతులకు కూడా తొడుగులు వేసి, "ఇప్పుడు పట్టుకో" అంది.

సిస్టరు కత్తెరతో తీసింది, తర్వాత నున్నగా గొరిగింది. నేను సబ్బునీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాను. దిండు, పరుపు, దుప్పటి మార్చేశాం. జుట్టు చెత్తబుట్టలో వేయొద్దని రాజమ్మ బతిమాలితే, మూటగట్టి ఆవరణ వెనక గుంత తీయించి పూడ్పించింది సిస్టరు.

ఆ సాయంత్రం నేను రాసిన వాక్యాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. కంటిపాపలు విచ్చుకునే ఉన్నాయి. చొంగ లేదు. ఊపిరి తేలికగా ఉంది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాయడంలో అంత సుఖం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

ఆమె మాట

స్పృహ వచ్చినా విరుగుడు మందుల మత్తులో ఒక రోజంతా మునెమ్మ దుప్పటి పీకుతూ, పాపను పిలుస్తూ గడిపింది. ఆ తర్వాత మనుషుల్ని గుర్తుపట్టింది. కానిస్టేబులు వచ్చాడు. డాక్టరుగారు, సిస్టరు మంచానికి ఒకవైపు నిలబడ్డారు. ఆమె అన్నది అన్నట్టు రాయమని నన్ను కూర్చోబెట్టారు. చెంగల్రాయుడు గుమ్మం బయటే ఆగిపోయాడు.

"ఏం జరిగింది మునెమ్మా?" అని అడిగింది సిస్టరు.

"నీళ్ళు మోసినాను."

"మందు తాగినావా?"

ఆమె మా అందరి ముఖాలూ మార్చి మార్చి చూసింది, అర్థం కానట్టు. "తాగేదేంది? నేనెందుకు తాగతా? పాలు తాగే బిడ్డ ఉండాదే నాకు. నేను తాగలేదు. మోసినాను. బిందె కారతా ఉన్నింది. వీపంతా తడిసిపోయింది. కండ్లు మసకలైనాయి, మయక్కం వచ్చినట్టయింది. గట్టు మీద కూచున్నా. అంతే తెలుసు."

మయక్కమంటే తల తిరగడం, మా వైపు మాట. దాన్ని అలాగే రాశాను.

"పొద్దున మీ ఆయనతో గొడవ పడినావంటనే?" అన్నాడు కానిస్టేబులు.

"గొడవా?" మునెమ్మ గుర్తు తెచ్చుకుంది. "కొండకు పోయేదాన్ని గురించా? అది దినమూ ఉండేదే కదా సార్. ఆయన అంటాడు, నేనూ అంటా."

గుమ్మం దగ్గర చప్పుడైంది. చెంగల్రాయుడు లోపలికొచ్చి మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. "తాగలేదా నువ్వు?" అన్నాడు.

"లే. ఎవురు చెప్పినారు నీకు?"

అతను నిలబడ్డచోటే నేల మీద కూలబడి, తువాలులో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. మునెమ్మ ఒక చెయ్యి నున్నటి తల మీద పెట్టుకుని తడుముకుంటూ, "ఈయన ఎందుకేడుస్తాడు? జుట్టు పోయింది నాదైతే" అంది. సిస్టరు కిటికీ వైపు తిరిగింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయన కానిస్టేబులుకు మొదటి రోజు నుంచి నేను రాసిన పేజీలు చూపించి, మరక ఎక్కడ కనబడింది, జుట్టు తీశాక ఏమైంది, వివరంగా చెప్పారు. "ప్రమాదమని రాసుకుంటా సార్" అన్నాడు కానిస్టేబులు. వెళ్తూ వెళ్తూ చెంగల్రాయుడి భుజం తట్టి, "లెయ్యప్పా, కాపీ తాగి రాపో" అన్నాడు. ఆ మనిషి లేచి వెళ్ళి, వచ్చినప్పటి నుంచి మొదటిసారి కడుపునిండా తిన్నాడని రాజమ్మ చెప్పింది.

ఇప్పటి పిల్లలకు

ఇందులో నేనేదో గొప్ప పని చేశానని చెప్పడం లేదు. వాసన నా ముక్కుకు తగిలింది గాని, యాడ నుంచి అని అడిగింది సిస్టరు. ఎందుకు జారిపోతోందని ఆగి ఆలోచించింది డాక్టరుగారు. రాత లేకపోతే మాత్రం ఆ ఇద్దరి దగ్గరా ఆలోచించడానికి ఏమీ ఉండేది కాదు. తాగింది అని రాస్తే కథ అక్కడికి ముగిసింది, ఇక వెతకడానికేం లేదు. తాగిందట అని రాస్తే ఇంకా తెలుసుకోవలసింది మిగిలే ఉందని రాసిన వాళ్ళకీ చదివిన వాళ్ళకీ గుర్తుంటుంది.

ఆ తర్వాత ఎందరో పైవాళ్ళ కింద పనిచేశాను. ఒకామెకు అక్షరాలు ముత్యాల్లా ఉంటే చాలు, లోపలేం రాశారో చూసేది కాదు. ఆమె వార్డులో తనిఖీలకు మంచి పేరు వచ్చేది, రోగులకు ఏమీ ఒరిగేది కాదు. ఇప్పుడు పెట్టెల్లో టిక్కులు పెట్టే కాగితాలు, కంప్యూటర్లు వచ్చాయి. వాటి మీద నాకు పగ లేదు, మా కాలంలో ఉంటే వేళ్ళు అరిగేవి కావు. కానీ నిన్నటి షిఫ్టువాళ్ళు రాసింది అలాగే దించుకోవడం మా హాస్టలు రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది మాత్రం పని కాదు. మంచం దగ్గరికి వెళ్ళండి. మనిషి ఏ మాట అన్నదో ఆ మాటే రాయండి. మీరు చూసింది, ఎవరో చెప్పింది, మీరు ఊహించింది, ఈ మూడింటినీ ఒకదాంట్లో ఒకటి కలపకండి. ఇంగ్లీషు తర్వాత దానంతటదే వస్తుంది. నాకు కూడా వచ్చింది.

వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు

మునెమ్మను ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చెంగల్రాయుణ్ణి కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పారు. మందు ఒంటి మీద పడితే వెంటనే కడుక్కోవాలి, ఓటి బిందె పారేయాలి, తలమీద మోయనే కూడదు అని. అతను ప్రతి మాటకూ తలూపాడు.

కొన్ని వారాలకు నలుగురూ వార్డుకు వచ్చారు. మునెమ్మ నెత్తిన పొట్టి జుట్టు మొలిచింది. చంకలో పాప ఉంది. ఆ పాపను అప్పుడే మేం మొదటిసారి చూడటం. కొండకు పోయి దిగొస్తున్నామని చెంగల్రాయుడు అందరికీ ప్రసాదం పంచాడు.

"చేను ఎట్లుండాది?" అని అడిగింది సిస్టరు.

"ఈ తూరి మళ్ళా మందు కొట్టలేదు మా. పురుగులు తిన్నంత తిన్నాయి. మిగిలింది మేము ఒలుచుకున్నాము."

రాజమ్మ వెనక నిలబడి ఉంది, తలనిండా కొంగు కప్పుకుని. డాక్టరుగారు రౌండ్లకు వస్తే ముందుకొచ్చి నమస్కారం పెట్టింది. కొంగు జారింది. తల నున్నగా, గంధం పూసి ఉంది.

"ఏమ్మా, నువ్వా ఇచ్చినావు?" అన్నారు డాక్టరుగారు.

"దాని జుట్టు మన్నులో కలిసిపాయె సామీ. ఇస్తామన్న మాట పోకూడదు కదా. అందుకని నాది ఇచ్చేసినా."

"తెల్లజుట్టు ఇస్తే స్వామి ఒప్పుకుంటాడో లేదోనని అలిపిరి కాడ్నించి ఒకటే దిగులు మా అత్తకి" అంది మునెమ్మ.

డాక్టరుగారు రాజమ్మకు ఎదురు నమస్కారం చేశారు. "ఒప్పుకున్నాడమ్మా" అన్నారు.